తిరుగు దారిని మూసిన కొండలు: తొలి మధ్యయుగ బల్గేరియా యుద్ధాల్లో కనుమల పాత్ర

సభకు నమస్కారం.

డాన్యూబ్ నదికి దక్షిణాన 681లో బల్గేరియన్ల రాజ్యం ఒకటి ఏర్పడింది. అది 1018 వరకు నిలిచింది. పక్కనే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా బైజాంటియం సామ్రాజ్యం ఉన్నది. ధనంలో, నౌకాబలంలో, యుద్ధశాస్త్రంలో ఆనాటి ఐరోపాలో దానికి సాటి వచ్చే రాజ్యం లేదు. అటువంటి పొరుగును పెట్టుకుని ఈ కొత్త రాజ్యం 337 సంవత్సరాలు ఎలా బతికిందని అడిగితే, చరిత్ర కాస్తో కూస్తో చదివినవారు వెంటనే చెప్పే సమాధానం "మధ్యలో కొండలు అడ్డం ఉన్నాయి కదా" అని. ఆ సమాధానంతో నాకు కొంచెం పేచీ ఉంది. కొండలు ఉన్న మాట నిజమే, కానీ అవి అడ్డం నిలిచి శత్రువును ఆపిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బైజాంటియం సైన్యాలు ఆ కొండలను దాటి లోపలికి వెళ్లాయి, పలుమార్లు వెళ్లాయి, ఒకసారి రాజధానినే తగలబెట్టాయి. వాటికి కష్టం వచ్చింది తిరిగి వచ్చేటప్పుడు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ తిరుగు ప్రయాణం గురించే.

ముందు నేల ఎలా ఉంటుందో చూద్దాం. బల్గేరియా నడుమన పడమర నుంచి తూర్పుకు, నల్ల సముద్రం దాకా ఒక పర్వత శ్రేణి సాగుతుంది. గ్రీకులు దానిని హేమస్ అన్నారు. బల్గేరియన్లు స్తారా ప్లానినా అంటారు, అంటే ముసలి కొండ అని చెప్పుకోవచ్చు. తరువాత వచ్చిన తురుష్కులు బాల్కన్ అన్నారు, ఆ పేరే ఇప్పుడు మొత్తం ద్వీపకల్పానికి అంటుకుంది. దీనిలో ఎత్తైన శిఖరం 2,376 మీటర్లు. అయితే ఆ ఎత్తులు ఎక్కువగా నడిమి భాగంలో ఉన్నాయి. మన కథ ఎక్కువగా జరిగేది తూర్పు కొసన, అక్కడ కొండలు బాగా తగ్గిపోతాయి. ఎత్తు చూసి భయపడవలసినది ఏమీ లేదు. భయపడవలసినది అడవిని చూసి, వంకలను చూసి, రెండు బండ్లు ఎదురుపడితే తప్పుకోలేని ఇరుకు దారులను చూసి. గ్రీకులు అటువంటి దారిని క్లీసూరా అన్నారు, ఆ మాట క్లిసురాగా బల్గేరియన్ భాషలో ఇప్పటికీ ఉంది. దాని మూలంలో ఉన్న అర్థం మూయడం. మనం దానిని కనుమ అంటాం. గ్రీకు మాటలోని తలుపు మూసిన చప్పుడు మన మాటలో వినిపించదు కనుక, ఆ అర్థాన్ని మాత్రం మనసులో పెట్టుకోండి.

బల్గర్ల రాజు, వారి మాటలో ఖాన్, అస్పరూఖ్ తన గుర్రపు దండుతో డాన్యూబ్ దాటి వచ్చి, అక్కడ అప్పటికే ఉన్న స్లావ్ తెగలను లోబరచుకున్న తరువాత చేసిన మొదటి పనుల్లో ఒకటి వారిని కదిలించి సరిహద్దుల్లో కూర్చోబెట్టడం. సెవెరి అనే తెగను తీసుకువెళ్లి వెరెగవా కనుమ ప్రాంతంలో నిలిపాడని, మిగిలిన ఏడు తెగలను దక్షిణానికీ, అవార్లు అనే మరో గుర్రపు జాతి వైపు ఉన్న పడమరకూ జరిపాడని బైజాంటియం చరిత్రకారుడు థియోఫనీస్ రాశాడు. ఈ వెరెగవాయే నేటి రిష్ కనుమ అని ఎక్కువమంది అభిప్రాయం. గడ్డి మైదానాల్లో గుర్రాల మీద పెరిగిన బల్గర్లకు అడవి యుద్ధం కొత్త. అడవిలో దాగడం, చెట్టు నరికి దారికి అడ్డం పడేయడం, మాటు వేసి దూకడం స్లావులకు పుట్టుకతో వచ్చిన విద్య. ఏ పని ఎవరు చేయగలరో చూసి చేసిన ఏర్పాటు ఇది. తరువాతి మూడు శతాబ్దాల కనుమ యుద్ధాలకు పునాది ఇక్కడే పడింది.

ఒక అపోహను ఇప్పుడే తీసివేస్తాను. సరిహద్దు కొండ శిఖరం మీద లేదు. 705లో ఖాన్ తెర్వెల్ చేసిన సాయంతో బైజాంటియం చక్రవర్తి జస్టీనియన్ రెండవవాడు పోగొట్టుకున్న సింహాసనం తిరిగి ఎక్కి, అందుకు ప్రతిఫలంగా కొండలకు దక్షిణాన ఉన్న జగోరా ప్రాంతాన్ని ఇచ్చాడు. అప్పటి నుంచి బల్గేరియా కొండకు ఇవతలి పక్క కూడా ఉంది. నల్ల సముద్రపు ఒడ్డు నుంచి పడమరకు సుమారు 130 కిలోమీటర్ల పొడవున మట్టికట్ట, కందకం కలిసిన ఒక సరిహద్దు గీత నేటికీ ఆనవాళ్లుగా కనిపిస్తుంది. దానిని ఎక్కువమంది 9వ శతాబ్దపు ఖాన్ ఒమూర్తాగ్ కాలానికి ముడిపెడతారు. అది కొండలకు దక్షిణాన, చదును నేల మీద ఉంది. అంటే శత్రువు ముందు మట్టికట్ట దాటాలి, తరువాత మైదానం, ఆ తరువాత కొండ, ఆ కొండకు ఉత్తరాన రాజధాని ప్లిస్కా. ఇంటికి కొండ వీధి గుమ్మం కాదు, నడవా. నడవాలోకి వచ్చిన దొంగకు వెనక తలుపు కూడా వేయవచ్చు.

జస్టీనియన్ రెండవవాడికి ఈ సంగతి మొదటే అనుభవమైంది. 688లో స్లావులను లోబరచుకుంటూ గ్రీకు నగరం థెస్సలొనీకి దాకా వెళ్లి తిరిగి వస్తుండగా, ఒక కనుమలో బల్గేరియన్లు దారి కాసి పట్టుకున్నారు. బోలెడంతమందిని పోగొట్టుకుని అతడు బతికి బయటపడ్డాడు. తెర్వెల్ చేసిన మేలు మరిచి 708లో మళ్లీ దండెత్తి, సముద్రపు ఒడ్డున అంఖియాలస్ దగ్గర విడిది చేసినప్పుడు, అతడి రౌతులు గుర్రాలకు గడ్డి కోసుకోవడానికి పొలాల్లోకి చెల్లాచెదురుగా పోయారు. కొండల మీద కాపు ఉన్న బల్గేరియన్లు పైనుంచి ఆ దృశ్యమంతా చూస్తున్నారు. చూసి, దిగి, విరుచుకుపడ్డారు. చక్రవర్తి కోటలోకి పారిపోయి మూడు రోజులు తలుపులు బిగించుకుని కూర్చుని, చివరకు గుర్రాల కాలి నరాలు కోయించి, పడవ ఎక్కి ఇంటికి పోయాడు. అంత చిన్న కొండకు కూడా కింద ఏం జరుగుతోందో చూపగల ఎత్తు ఉంటుంది.

వచ్చేటప్పుడు దాటగలిగిన కొండ పోయేటప్పుడు ఎందుకు దాటరానిదవుతుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. పదివేలమంది రౌతులు ఇద్దరిద్దరుగా నడిస్తే 5,000 వరుసలు. ఒక్కో గుర్రానికి మూడు మీటర్లు చొప్పున వేసుకున్నా దండు పొడవు 15 కిలోమీటర్లు. సామాన్ల బండ్లు, కాల్బలం ఇంకా కలపలేదు. ముందున్నవాడు కనుమ దాటి నీళ్లు తాగుతుంటే వెనకున్నవాడు ఇంకా డేరా గుంజలు పీకుతుంటాడు. వచ్చేటప్పుడు ఈ దండు మెలకువగా ఉంటుంది, ముందు వేగులు ఉంటారు, ఏ కనుమ గుండా వస్తుందో శత్రువుకు తెలియదు. తిరిగి పోయేటప్పుడు బండ్ల నిండా దోపిడీ సొత్తు, మనసు నిండా ఇల్లు, గుర్రాలకు మేత ఉండదు, పైగా ఎటు పోతుందో అందరికీ తెలుసు. బల్గేరియన్లకు దండు వెళ్లిన రోజు నుంచి తిరిగి వచ్చే రోజు వరకు చెట్లు నరుక్కోవడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది.

ఈ తీరికను వాడుకోవడం ఎలాగో 811లో ఖాన్ క్రూమ్ చూపించాడు. చక్రవర్తి నికెఫోరస్ మొదటివాడు ఆ జూలైలో కనుమలు దాటి నేరుగా ప్లిస్కా మీద పడ్డాడు. పట్టణాన్ని దోచి, ఖాన్ చెక్క మేడలను తగలబెట్టించాడు. క్రూమ్ రాయబారం పంపి, "గెలిచావు, నచ్చినది తీసుకుని శాంతిగా వెళ్లు" అని అడిగాడు. నికెఫోరస్ వినలేదు. థియోఫనీస్ ఇక్కడ ఒక చిన్న విషయం చెబుతాడు, నాకు మొత్తం కథ దానిలోనే కనిపిస్తుంది. చక్రవర్తి క్రూమ్ ఖజానాకు తాళాలు వేయించి, ముద్రలు కొట్టించి, అది తనదే అయినట్టు భద్రం చేశాడట. అక్కడ ఆయన కొట్లకు తాళాలు వేయిస్తుండగా, ఇక్కడ ఖాన్ మనుషులు ఆయన ఇంటికి పోయే దారులకు తాళం వేస్తున్నారు.

ఆ తాళం ఎటువంటిదో పేరు తెలియని మరో రచయిత వృత్తాంతంలో వివరంగా ఉంది. పెద్ద పెద్ద దుంగలను నిలువున పాతి, తాళ్లతో బిగించి, ఎక్కడానికి వీలులేని దడి కట్టారు. దడికి ఆవలి పక్క లోతైన కందకం తవ్వారు, అంటే దడి ఎక్కి దూకినవాడు గుంటలోనే పడతాడు. ఇదంతా గురు, శుక్రవారాల్లో, రెండు రోజుల్లో ముగించారు. సంగతి తెలిసినప్పుడు నికెఫోరస్, "మనకు రెక్కలు మొలిచినా ఈ చావు తప్పదు" అన్నాడని థియోఫనీస్ రాశాడు. జూలై 26, శనివారం, తెల్లవారకముందే బల్గేరియన్లు విడిది మీద పడ్డారు. నేరుగా చక్రవర్తి డేరా మీదికే వెళ్లారు. ఆయన అక్కడే చనిపోయాడు. మిగిలినవారు పారిపోతూ బురద నిండిన ఏటిలో దిగబడ్డారు, గుర్రాలూ మనుషులూ పడి ఏరు నిండిపోతే వెంట తరిమేవారు వారి మీదుగా నడిచి దాటారు. దడి దాకా చేరగలిగినవారు గుర్రాలు వదిలి, చేతులతో కాళ్లతో పాకి ఎక్కి, అవతల గుంటలో పడి ఎముకలు విరగ్గొట్టుకున్నారు. మరికొందరు దారి చేసుకోవాలని దడికి నిప్పు పెట్టారు. బిగించిన తాళ్లు కాలి దుంగలు కందకం మీదికి కూలాయి. వాటి మీదుగా పరుగెత్తినవారు గుర్రాలతో సహా మంటల్లో పడ్డారు.

378లో వాలెన్స్ తరువాత 433 ఏళ్లకు యుద్ధంలో చంపబడిన రోమన్ చక్రవర్తి ఈయనే (బైజాంటియం వారు తమను రోమన్లనే చెప్పుకునేవారు). కొడుకు స్తవ్రాకియస్ మెడ దగ్గర వెన్నుకు తగిలిన గాయంతో ఎలాగో బైజాంటియం నగరం అడ్రియనోపుల్ చేరాడు, కానీ కోలుకోలేదు, 812 ఆరంభంలో పోయాడు. క్రూమ్ నికెఫోరస్ పుర్రెకు వెండి తొడిగించి స్లావ్ నాయకులకు దానిలో మద్యం పోయించాడన్న సంగతి అందరూ చెప్పుకుంటారు. ఆ గిన్నె గురించి మాట్లాడినంతగా దుంగలు కట్టిన తాళ్ల గురించి ఎవరూ మాట్లాడరని నాకు ఎప్పుడూ ఒక చిన్న బాధ.

కనుమను వదులుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. 763లో ఖాన్ తెలెత్స్ 20,000 మంది స్లావ్ మిత్రులను పోగు చేసి బలమైన స్థావరాల్లో నిలిపాడు. చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఐదవవాడు కొండ వైపు మాత్రమే చూడలేదు. గుర్రాలను ఓడల్లో ఎక్కించి సముద్రం మీదుగా డాన్యూబ్‌లోకి పంపాడు, తాను దక్షిణం నుంచి వచ్చాడు. తెలెత్స్ ఓపిక పట్టలేక మైదానంలోకి దిగి, జూన్ 30న అంఖియాలస్ దగ్గర సాయంత్రం దాకా పోరాడి ఓడాడు. కొంతకాలానికి అతడి మనుషులే అతడిని చంపారు. అంతకు నాలుగేళ్ల ముందు, 759లో, ఇదే చక్రవర్తి వెరెగవా కనుమలో దెబ్బ తిన్నాడు. సైన్యం అదే, శత్రువు వాడే, తేడా అంతా నేలలోనే ఉంది.

ఆ తరువాత బైజాంటియం వారికి కనుమ అంటే ఒక రకమైన జడుపు పట్టుకుంది. 960లలో నికెఫోరస్ ఫోకాస్ దండెత్తి వెళ్లి, సరిహద్దు దగ్గర ఆ అడవులు, కొండ మీద కొండ, గుహలు, బండలు చూసి వెనక్కి వచ్చాడు. ఆయన తక్కువ యోధుడు కాడు, క్రీట్‌ను జయించిన సేనాని. అటువంటి చోటికి వరుసలు లేకుండా సైన్యాన్ని తీసుకువెళ్లడం, పశువులను కోతకు తోలి అప్పగించినట్టేనని భావించాడట. ఈ మాట చెప్పినవాడు లియో, వృత్తిరీత్యా చర్చి డీకన్, అంటే పూజారికి సహాయకుడు. అతడు పాత పుస్తకాల మోజుతో బల్గేరియన్లను మైసియన్లనీ, రష్యన్లను సిథియన్లనీ రాస్తాడు, కొత్తగా చదివేవారు తికమక పడతారు. కానీ కనుమల గురించి అతడి కంటే బాగా చెప్పగలవారు లేరు. ఎందుకంటే అతడు ఒకదానిలో చిక్కుకుని బయటపడ్డాడు. దానికి వస్తాను.

971లో జాన్ త్సిమిస్కెస్ చక్రవర్తి కనుమలను సునాయాసంగా దాటాడు. అప్పుడు బల్గేరియా రష్యన్ రాజు స్వియతోస్లావ్ చేతిలో ఉంది, ఆయన మనుషులు కనుమలకు కాపలా పెట్టలేదు. ఈస్టర్ పండుగ వేళ చక్రవర్తి రాజధానిలో వేడుకలు వదిలి బయలుదేరడని వారు నమ్మారని త్సిమిస్కెస్ తన సేనానులతో అన్నట్టు లియో రాశాడు. కొండను కాచే కళ్లు లేకపోతే అది వట్టి మట్టిగుట్ట. ఏప్రిల్ నెలలో ప్రెస్లావ్ నగరం పడిపోయింది. అది 893 నుంచి రాజధాని, రిష్ కనుమకు ఉత్తరపు వాకిట్లో కట్టుకున్నది. తూర్పు బల్గేరియా దానితో పోయింది.

రాజ్యం పడమటి కొండల్లోకి జరిగింది. అక్కడ కొండలు వేరు. ఒక గోడలా సాగే శ్రేణి కాదు, రీలా, పిరిన్, బెలాసిత్సా, పిందస్ అంటూ ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి, మధ్యలో గిన్నెల వంటి లోయలు, ఒక గిన్నె నుంచి మరో గిన్నెకు ఒకటి రెండు దారులు మాత్రమే. ఈ నేల మీద సమూయిల్ నాయకుడయ్యాడు. 986లో 28 ఏళ్ల చక్రవర్తి బాసిల్ రెండవవాడు నేటి బల్గేరియా రాజధాని సోఫియాను ముట్టడించాడు. 20 రోజులు గడిచినా కోట పడలేదు, పశుమేతకు పోయినవారిని బల్గేరియన్లు మాటు వేసి కొట్టారు, తిండి అయిపోయింది. తిరుగు ముఖం పట్టిన సైన్యం ఆగస్టు 17న ఇఖ్తిమన్ దగ్గరి ట్రాజన్ ద్వారం అనే కనుమ ప్రాంతానికి వచ్చింది. అడవి దారి ఒకటి దాటి, గుహలూ లోతైన వంకలూ ఉన్న నేలలోకి దిగుతుండగా బల్గేరియన్లు పడ్డారు. చక్రవర్తి డేరాతో సహా సామాను, ధనం అంతా పోయింది.

ఆ సైన్యంలో లియో ఉన్నాడు. కత్తి పట్టినవాడు కాడు, చక్రవర్తి కొలువు వెంట వచ్చిన డీకన్. తన కాలు కొద్దిలో జారేదనీ, శత్రువు వాలును అడ్డగించే లోపే దేవుడు తనను గుర్రం మీద పరుగెత్తించి ఆ ఏటవాలు దాటించకపోతే కత్తికి ఎర అయ్యేవాడిననీ రాసుకున్నాడు. పెద్ద పెద్ద చక్రవర్తుల కథలో ఒక పరిచారకుడి గుర్రం డెక్కలు ఇలా వినిపించడం అరుదు. నేను ఆ పేజీ చదివినప్పుడల్లా ఓడిన సైన్యం సంఖ్య మర్చిపోయి, ఆ వాలు ఎంత ఏటవాలో ఊహించుకుంటూ కూర్చుంటాను.

కొండ ఓడినవాడిని కూడా కాపాడింది. 997 ప్రాంతంలో గ్రీసులోని స్పెర్ఖియోస్ నది దగ్గర రాత్రివేళ దాడిలో సమూయిల్, కొడుకు గావ్రిల్ రదోమిర్ ఇద్దరూ గాయపడ్డారు. శవాల మధ్య శవాల్లా పడుకుని, మరుసటి రాత్రి పిందస్ పర్వతాల గుండా నడిచి ఇల్లు చేరారు. మైదానంలో అయితే ఆ రాత్రితోనే యుద్ధం ముగిసేది.

బాసిల్ మొండివాడు. అతడు 986 నుంచి నేర్చుకున్నది ఏమిటంటే, లోపలికి ఒకసారి పెద్దగా చొరబడి రావడం కాదు, ఏడాది ఏడాదికీ వచ్చి కొండదారుల కొసన ఉన్న కోటలను ఒక్కొక్కటిగా ఊడదీసుకోవడం. తిరుగు దారిలో తాళం పడకుండా దారి పొడుగునా తాళపు చెవులు తానే పుచ్చుకోవడం. అయినా అన్నీ చిక్కలేదు. పెర్నిక్ కోటను క్రాక్రా అనే నాయకుడు కాపాడాడు, 1016లో 88 రోజులు ముట్టడించి కూడా బాసిల్ వట్టి చేతులతో వెళ్లాడు.

సమూయిల్‌కు ఏటేటా వచ్చే ఈ దండు తలనొప్పి అయింది. బాసిల్ ఎప్పుడూ ఒకే దారిన వస్తాడు. బెలాసిత్సా, ఒగ్రాజ్దెన్ కొండల మధ్య స్ట్రుమెష్నిత్సా నది లోయ అది. ఆ చోటు పేరు గ్రీకులో క్లీదియోన్, బల్గేరియన్‌లో క్ల్యుచ్, రెండింటికీ అర్థం తాళపు చెవి. 1014లో సమూయిల్ అక్కడ కందకాలు తవ్వించి, దడులు కట్టించి, ఈసారి శత్రువు లోపలికే రాకుండా మూశాడు. చూడండి, క్రూమ్ వాడిన పనిముట్లే ఇవి, దుంగలూ కందకమూ. కానీ క్రూమ్ దడి పారిపోయేవాడి ముందు లేచింది, వాడికి చుట్టూ తిరిగి చూసే వ్యవధి లేదు. సమూయిల్ దడి ఎదురుగా ఉన్నవాడికి వ్యవధి కావలసినంత ఉంది. బాసిల్ ముందు నుంచి చేసిన దాడులు విఫలమవుతుండగా, నికెఫోరస్ జిఫియాస్ అనే సేనాని కొంత సైన్యంతో దక్షిణంగా బెలాసిత్సా ఎక్కి, మేకలు నడిచే దారుల్లో చుట్టు తిరిగి, జూలై 29న కేకలు పెడుతూ బల్గేరియన్ల వీపు మీదికి దిగాడు. కాపలావాళ్లు వెనక్కి తిరిగేసరికి బాసిల్ ఎదుటి దడిని కూల్చాడు. సమూయిల్‌ను కొడుకు గుర్రం ఎక్కించి ప్రిలెప్ కోటకు తప్పించాడు.

తరువాత జరిగిన ఘోరం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పట్టుబడినవారి కళ్లు తీయించి, నూటికి ఒకడికి ఒక కన్ను మిగిల్చి, వాడి వెంట మిగిలినవారిని రాజు దగ్గరికి పంపించారు. బైజాంటియం చరిత్రకారుడు స్కిలిట్జిస్ చెప్పిన లెక్క 15,000. ఆ సంఖ్యను నేటి చరిత్రకారులు అనేకులు నమ్మరు, నాకూ అది పెద్దదిగానే తోస్తుంది. ఆ దృశ్యం చూసి సమూయిల్ కుప్పకూలాడు, 1014 అక్టోబరు 6న మరణించాడు.

ఇక్కడితో కథ ముగించే పుస్తకాలు ఒక సంగతి వదిలేస్తాయి. క్లీదియోన్ గెలిచిన వెంటనే బాసిల్, థెస్సలొనీకి పాలకుడు థియోఫిలాక్ట్ బొటనియాటిస్‌ను స్ట్రుమిత్సా వైపు కొండదారిలోని అడ్డంకులు తొలగించమని పంపాడు. అతడు పని చక్కగా చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పొడవాటి ఇరుకు దారిలో, ముందుకూ వెనక్కూ కదలలేని చోట, పైనుంచి రాళ్లూ బాణాలూ కురిశాయి. తండ్రి ఓడిన కొద్ది రోజులకే గావ్రిల్ రదోమిర్ మాటు వేసి అతడిని, అతడి మనుషుల్లో ఎక్కువమందిని చంపాడు. వార్త వినగానే, యుద్ధం గెలిచిన చక్రవర్తి ముందుకు పోవడం మాని వెనక్కి మళ్లాడు. ఓడిపోయాక కూడా బల్గేరియన్లు పాత పద్ధతికి తిరిగి రాగానే అది పని చేసింది.

1018లో రాజు ఇవాన్ వ్లాదిస్లావ్ డిరాఖియం కోట ముందు చనిపోయాక నాయకులు ఒక్కొక్కరే లొంగిపోయారు. లొంగని వారిలో ఇవాత్సా అనేవాడు తోటలూ మేడా ఉన్న ఒక కొండ మీద కూర్చున్నాడు. బాసిల్ 55 రోజులు కింద ఆగి ఉత్తరాలు నడిపాడు తప్ప కొండ ఎక్కలేదు. ఎక్కితే ఏమవుతుందో అతడికి 28 ఏళ్ల వయసులోనే తెలుసు. ఆగస్టు 15, మేరీమాత పండుగ నాడు ఇవాత్సా ఊరందరినీ భోజనానికి పిలుస్తాడు. ఓహ్రిద్ పట్టణానికి బాసిల్ పెట్టిన పాలకుడు యుస్తాథియస్ డాఫ్నోమెలిస్ ఇద్దరు సేవకులను వెంటబెట్టుకుని, పిలవని అతిథిగా ఆ కొండ ఎక్కాడు. కాపలావాళ్లు ఆపలేదు, కబురు చెప్పి లోపలికి పంపారు. శత్రువు తనంతట తానే వచ్చి చిక్కాడని ఇవాత్సా సంతోషించి ఆదరించాడు. ఉదయం ప్రార్థన అయ్యాక, ఏకాంతంగా మాట్లాడాలని యుస్తాథియస్ అతడిని తోటలో చెట్లు గుబురుగా ఉన్న చోటికి తీసుకువెళ్లి, కింద పడదోసి, ఛాతీ మీద మోకాలు ఆనించి, సేవకులను పిలిచాడు. నోట్లో గుడ్డ కుక్కి కళ్లు తీశారు. జనం ఆయుధాలతో మేడ చుట్టూ మూగితే, యుస్తాథియస్ పై అంతస్తు నుంచి వారితో మాట్లాడి శాంతింపజేశాడు. ఆ తరువాత ఇవాత్సాను వెంటబెట్టుకుని కొండ దిగాడు. దారిలో ఎవరూ అడ్డుపడలేదు.